రూతు చెప్పాల్సిన పంక్తులు

నాకు అక్షరాలు నేర్పిన గ్రేసమ్మ టీచరు పోయిన నెల బాగేపల్లిలో కన్నుమూసింది. ఆ కబురు విన్నప్పటి నుంచి నా ముక్కుకు చింతపండు వాసన కొడుతూనే ఉంది. చిక్కబళ్లాపురంలో నేనుండే ఈ ఇంట్లో ఆ వాసనకు తావు లేదు. ఇక్కడ చింతపండు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఫ్రిజ్‌లో మూలకు పడి ఉంటుంది. అయినా ఆమెను తలుచుకోగానే చింతామణిలోని మా పాత ఇల్లు, ఆ ఇంటి వెనక భాగం, అక్కడికి వెళ్లే సన్నటి నడవ వాటంతట అవే కళ్ల ముందుకు వస్తాయి. వాటి వెంబడే ఆ పులుపూ వస్తుంది.

మా నాయనది చింతపండు వ్యాపారం. ఎండలు ముదిరేసరికి కెంచార్లహళ్ళి వైపు నుంచీ ఇంకా లోపలి పల్లెల నుంచీ బండ్ల మీద కాయ దిగేది. పెరడు నిండా ఆడవాళ్లు వరసగా కూర్చుని పెంకు ఒలిచి, చెక్క సుత్తులతో కొట్టి గింజ తీసేవాళ్లు. పొద్దున మొదలైన ఆ చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. నిలవ ఉన్న కాయతో ఆ పని మిగతా నెలల్లోనూ సాగేది. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ ఆ వాసన పట్టి ఉండేది. దుప్పట్లకు, దేవుడి గూట్లో పటాలకు, అవ్వ కొంగుకు, చివరకు మేం తాగే నీళ్లకు కూడా. అవ్వ అంటే మా నాయన తల్లి. ఇంటి పెత్తనమంతా ఆమె చేతిలో ఉండేది. సంగటికి ఎసరు పెట్టడం మొదలు, పనివాళ్లకు మజ్జిగ పోయడం దాకా ఏదీ ఆమె కన్ను దాటి జరిగేది కాదు. మా అమ్మ ఆమె వెనక నీడలా మసలుకునేది. అవ్వ నవ్వడం నేను తక్కువగా చూశాను. ఏడవడం అసలు చూడలేదు.

నాది ఎడమచేతి వాటం. సర్కారు బడిలో ఒందనే తరగతిలో, అంటే ఒకటో తరగతిలో, చేర్చిన కొత్తల్లోనే మేష్ట్రు నా ఎడమ చేతి కణుపుల మీద చెక్క స్కేలుతో కొట్టాడు. కుడిచేతిలో బలపం పెట్టుకుంటే నాకు గీత కూడా వంకరపోయేది. ఎడమ చేతిలోకి మార్చుకుంటే దెబ్బ పడేది. కొన్నాళ్లకు బడి గంట వినబడగానే నాకు వాంతులు మొదలయ్యాయి. పొద్దున్నే తిన్నదంతా వాకిట్లో కక్కేసేదాన్ని. అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, ఒక రోజు చింతబరికె కూడా తీసుకుంది. ఏం చేసినా వాంతి ఆగలేదు. చివరకు నాయన విసిగిపోయి, ఈ ఏడాదికి ఇంట్లోనే ఉండనీ అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వెనక భాగంలోకి మదనపల్లె వైపు నుంచి కొత్తవాళ్లు బాడుగకు దిగారు. ఆయన జయరాజు, కరెంటాఫీసులో లైన్‌మన్. ఆమె గ్రేసమ్మ. వాళ్లకు నా ఈడుదే ఒక కూతురు, రూతు. క్రైస్తవులని తెలిసి అవ్వ ముఖం ముడుచుకుంది గానీ, సర్కారు ఉద్యోగం కదా అని నాయన తాళంచెవి ఇచ్చేశాడు. అవ్వ తన వైపు నుంచి ఒక కట్టుబాటు పెట్టింది. నడవ దాటి అటువైపు పోయినవాళ్లు కాళ్లు చేతులు కడుక్కోకుండా వంటింట్లోకి రాకూడదు.

వాళ్లు దిగిన వారం లోపలే ఒక వింత మొదలైంది. పొద్దున, మా పెరట్లో సుత్తుల చప్పుడు మొదలయ్యే వేళకు, వాళ్ల ఇంట్లో ఎవరో ఇత్తడి చెంబు మీద గరిటెతో టంగుమని కొట్టేవాళ్లు. ఆ తరువాత ఒక పెద్ద గొంతు, ఒక చిన్న గొంతు. పెద్ద గొంతు ఒక ముక్క చెబితే చిన్న గొంతు అందుకునేది. పాట కాదు, మాట కాదు, రెంటికీ మధ్యలో ఏదో. నేను నడవలో గోడకు ఆనుకుని కూర్చుని వినేదాన్ని. ఒక రోజు లోపలి నుంచి గ్రేసమ్మ, తల తిప్పకుండానే అంది.

“ఆడ కూచుంటే మెడ పట్టేస్తాది. లోపలికి రామ్మా.”

వెళ్లాను. నేల మీద ఈతచాప పరిచి ఉంది. రూతు కొంచెం పక్కకు జరిగింది. అంతే, నా చదువు మొదలైంది.

ఆ చదువు సంగతి నాకు తరువాత, పెద్దయ్యాక తెలిసింది. చిక్కబళ్లాపురంలో మిషను వాళ్ల బడి ఒకటి ఉండేది. గ్రేసమ్మ చిన్నప్పుడు అక్కడి హాస్టల్లో చదువుకుంది. ఆ బడి నడిపినవాళ్లకు ఒక పాత పట్టింపు ఉండేది. పసిపిల్లల్ని గుంపులో కూర్చోబెట్టకూడదు, మొదటి తరగతి తల్లి పక్కన కూర్చునే చదవాలి, ఏడాదికి సరిపడా పాఠాలు బడి ఇస్తుంది, తల్లి చెబుతుంది, కొన్ని నెలలకొకసారి బిడ్డను తీసుకొచ్చి ఒప్పజెప్పించాలి. పాఠాలూ పాత పద్ధతివే. ముందు వినాలి. విన్నదాన్ని కంఠతా పట్టాలి. కథ వింటే దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. చివరగా, అందంగా రాయాలి. అర్థం మెల్లగా వస్తుంది, ముందు చెవి నిండాలి అనేది గ్రేసమ్మ. కన్నడ, ఇంగ్లీషు బడి కోసం. తెలుగు మాత్రం తన కోసం చెప్పేది. నేను ఇవాళ తెలుగులో నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ మూడోది ఆమె ఎవరూ అడక్కుండా చెప్పినందువల్లనే. నా ఎడమచేతిని చూసి మొదటి రోజు ఒకే మాట అంది. “ఏ చేత్తో రాస్తేనేం, అక్షరం కుదురుగా కూచోవల్ల.”

ఇంట్లో ఆ సాయంత్రం రభస జరిగింది. అవ్వ గొంతు పెరడంతా వినబడింది.

“కిరస్తానమోళ్ల చదువు మనకెందుకురా? రేపు బొట్టు తీసెయ్యమంటే ఏం చేస్తావు?”

“బొట్టు సంగతి అప్పుడు చూస్తాములేమ్మా” అన్నాడు నాయన. “ఈ పొద్దు బిడ్డి వాంతి చేసుకోలేదు. అది చూసినావా?”

అవ్వ చూసింది కాబట్టే ఊరుకుంది. కానీ మధ్యాహ్నం నేను నడవ దాటి వచ్చేసరికి నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉండేది.

గ్రేసమ్మ పాఠానికి ఒక నియమం ఉండేది. చెంబు మోగినప్పటి నుంచి మళ్లీ మోగేదాకా ఆమె ‘టీచర్’. రూతు కూడా అలాగే పిలవాలి. మరిచిపోయి అమ్మా అంటే ఆమె పలికేది కాదు, కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండేది. ఏడిపించాలని కాదు. ఇంట్లో చెప్పే చదువు ఆటలో పడిపోతుందని భయం. రెండోసారి చెంబు మోగగానే రూతు పరిగెత్తుకెళ్లి ఆమె మెడకు వేలాడి, పొద్దున్నుంచి దాచుకున్న అమ్మలన్నీ ఒకేసారి అనేది. అమ్మా ఆకలి, అమ్మా నిద్ర, అమ్మా చూడు. రూతు నాలా బెదురుగొడ్డు కాదు. బక్కగా, నల్లగా, ముందు పళ్లు ఊడిన నోటితో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. మా పెరట్లోంచి నేను తెచ్చే చింతగింజలు కాల్చుకుని తినడం దానికి ప్రాణం.

కథ తిరిగి చెప్పడంలో నాకు పేరుండేది. తప్పిపోయిన ఒక గొర్రె కోసం మంద మొత్తాన్ని వదిలి వెతుక్కుంటూ పోయిన కాపరి కథ గ్రేసమ్మ చెప్పింది. నేను దాన్ని ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ రాగిపిండి జల్లిస్తూ విని, “మిగిలిన మందను ఎవురికి అప్పజెప్పి పోయినాడంట ఆయప్ప? తోడేలొస్తేనో?” అంది. మరునాడు కథ తిరిగి చెప్పేటప్పుడు నేను ఆ ప్రశ్న కూడా కలిపి చెప్పాను. గ్రేసమ్మ పడీపడీ నవ్వింది. “మీ అవ్వ అడిగింది సరిగ్గానే ఉండాది. దానికి జవాబు నాకూ తెలీదు” అంది. ఆమె అంత నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మాకు నేర్పినవాటిలో ఒక పాత ప్రార్థన ఉండేది. రెండు వరసలుగా నిలబడి, ఒకరి తరువాత ఒకరు చెప్పాల్సింది. ఒక వరస ఒక పంక్తి చెబితే రెండో వరస జవాబు చెప్పాలి. బడిలో అయితే పిల్లలు రెండు గుంపులుగా నిలబడేవాళ్లట. మాకు ఒక్కో వరసలో ఒక్కరమే. నా పంక్తి నేను చెప్పాక ఊపిరి పీల్చుకునేలోగా రూతు తన పంక్తి ఎత్తుకునేది. దాని గొంతు నాకంటే ఒక పిసరు పైన ఉండేది. ఆ ప్రార్థన చెబుతుంటే పెరట్లో సుత్తులు కొట్టే ఆడవాళ్లు కూడా మా తూగుకే కొట్టేవాళ్లు. కావాలని కాదు, చేతులు అలా కుదిరిపోయేవి.

చలి తగ్గుతున్న రోజుల్లో చిక్కబళ్లాపురం వెళ్లి ఒప్పజెప్పాల్సిన దినం వచ్చింది. అప్పటికి నాయన నా పేరు కూడా ఆ బడిలో రాయించాడు. ముందురోజు సాయంత్రం రూతుకు ఒళ్లు వెచ్చబడింది. గ్రేసమ్మ నుదురు పట్టి చూసి, ఆగుదామా అని జయరాజును అడగడం నేను విన్నాను. రూతే ఒప్పుకోలేదు. అంతా కంఠతా వచ్చేసింది, పోవాలని ఏడ్చింది. పొద్దునకు ఒళ్లు చల్లబడింది కూడా. బయలుదేరాం. బస్సు శిడ్లఘట్ట దాటేసరికి రూతు నా భుజం మీద తల పెట్టుకుంది. దాని చెంప పొయ్యి దగ్గర పెట్టిన గిన్నెలా ఉంది. నేను ఆ మాట చెప్పాను. గ్రేసమ్మ మాత్ర ఒకటి పొడి చేసి నీళ్లలో పట్టించింది.

బడిలో హెడ్ మేడం ముందు మేం అన్నీ తప్పు లేకుండా ఒప్పజెప్పాం. ప్రార్థనలో రూతు ఒక్క పంక్తి కూడా తడబడలేదు. ముసలి హెడ్ మేడం మా ఇద్దరి తలలూ నిమిరి చెరో కమలాపండు ఇచ్చింది. తిరుగుబస్సులో రూతు ఆ పండు తినలేదు. చేతిలో పట్టుకునే వాంతి చేసుకుంది.

అది మెదడు జ్వరం. చింతామణి ఆసుపత్రిలో చూసి పెద్దాసుపత్రికి పంపించారు. నాలుగైదు రోజులు వెనక భాగం తాళం వేసి ఉంది. తరువాత ఒక మధ్యాహ్నం జీపొకటి వచ్చి ఆగింది. జయరాజు రెండు చేతుల మీద తెల్లటి గుడ్డ చుట్టిన దాన్ని మోసుకుంటూ మా ముందు వాకిలి గుండా, నడవ గుండా వెనక్కి వెళ్లాడు. పెరట్లో సుత్తులు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. పగటిపూట ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. నన్ను అటు పోనివ్వలేదు. గదిలో పెట్టి అమ్మ కాపలా కూర్చుంది. అవ్వ మాత్రం కొంగు నడుముకు చుట్టుకుని ఆ నడవ దాటింది. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. కాళ్లు కడుక్కోలేదు. నేరుగా వంటింట్లోకి పోయి వాళ్లకని అన్నం వండింది.

మట్టి ఇచ్చి వచ్చాక ఊరు మాట్లాడడం మొదలుపెట్టింది. కొళాయి దగ్గర, అంగట్లో, మా పెరట్లో గింజ తీసే ఆడవాళ్ల మధ్య అదే మాట. జ్వరంలో ఉన్న బిడ్డను బస్సెక్కించిందంట. పాఠాలు నూరిపోసి నూరిపోసి చంపుకునిందంట. తన్ను అమ్మా అననిచ్చేది కాదంట. ఈ చివరి మాట ఊళ్లోకి ఎలా పోయిందో నాకు తెలియదు. గోడకు అవతల గ్రేసమ్మకు అన్నీ వినబడేవి. ఆమె ఏడుపు మాత్రం మాకు వినబడేది కాదు. చెంబు మోగడం ఆగిపోయింది. నేను రోజూ పలక పట్టుకుని నడవలో కూర్చునేదాన్ని. తలుపు తెరుచుకునేది కాదు. సాయంత్రం జయరాజు వచ్చి సైకిలు గోడకు ఆనించి, నన్ను ఒకసారి చూసి లోపలికి పోయేవాడు.

అలా ఎన్నాళ్లు గడిచాయో. పెరట్లో కొత్త కాయ దిగి, మళ్లీ పని జోరందుకుంది. ఒక పొద్దున అవ్వ వంటింట్లోంచి లేచి వచ్చి, నడవలో కూర్చున్న నా రెక్క పట్టుకుని లేపింది. నేరుగా తీసుకెళ్లి గ్రేసమ్మ తలుపు కొట్టింది. తలుపు తీసిన మనిషిని నేను గుర్తుపట్టలేకపోయాను. జుట్టు చిక్కులు పడి, జాకెట్టు భుజాల మీద వేలాడుతూ, కళ్లు ఎటో చూస్తూ ఉంది.

“దీనికి సగం చదువు చెప్పి నిలిపేస్తే ఎట్లమ్మా?” అంది అవ్వ.

“నాతో కాదవ్వా.”

“కాకుంటే ఎట్ల?”

“నాతో కాదు. ఊరంతా చెప్తాండేది నిజమే. నేనే చంపుకుంటి.” ఆమె గడపకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. “ఆసుపత్రిలో వాళ్ల నాయనను నాయనా అనింది. నన్ను మాత్రం టీచర్ అనే పిలిచింది అవ్వా. కళ్లు మూసుకునే, ‘నా వంతు వచ్చిందా టీచర్’ అని అడిగింది. అమ్మనే, అమ్మా అనవే అని ఎంత చెప్పినా దాని చెవికి పోలేదు.”

అవ్వ తనూ గడపకు ఇవతల, నేల మీద కూర్చుంది. మా ఇంట్లో పీట లేకుండా కూర్చోని మనిషి.

“నేను ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టినానమ్మా. పెద్దది పోయిన పొద్దు ఇంట్లో పదిమంది కూలోళ్లు. సంగటి కెలికినా. కన్నీళ్లు కుండలో పడతాంటే కూడా కెలికినా. గట్టిదాన్నని కాదు. ఆకలి ఆగదు కదా, అందుకు.” నన్ను ముందుకు తోసింది. “ఒగ గొర్రె పోయిందని ఈ గొర్రెను వాకిట్లో నిలబెట్టినావే, ఇది న్యాయమా? నీ కథలో కాపరి గూడా ఇంటికి తిరిగొచ్చినాడు గదా?”

గ్రేసమ్మ నావైపు చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు. అలసట ఉంది, కొంచెం కోపం కూడా ఉందేమో. బతికి ఉన్నందుకు నా మీద. ఆరేళ్ల పిల్లకు అది అర్థమవుతుందని ఎవరూ అనుకోరు గానీ, నాకు అర్థమైంది. తల వంచుకుని నిలబడ్డాను. ఎంతోసేపటికి ఆమె లేచి, లోపలికి వెళ్లి, చాప పరిచింది. చెంబు మాత్రం మోగించలేదు. ఆ తరువాత ఎన్నడూ మోగించలేదు.

పాఠాలు మళ్లీ సాగాయి గానీ అవి మునుపటి పాఠాలు కావు. ఆమె గొంతు సన్నబడిపోయింది. కొన్నిసార్లు వాక్యం మధ్యలో ఆగిపోయి, గోడ వైపు చూస్తూ ఉండిపోయేది. నేను బలపం పట్టుకుని కదలకుండా కూర్చునేదాన్ని. కథలు చెప్పడం మానేసింది. రాతకే ఎక్కువ సమయం ఇచ్చేది. ఒక రోజు ఆ ప్రార్థన చెప్పమంది. నా పంక్తి చెప్పాను. తరువాతిది రూతుది. నాకు అది కూడా నోటికి వచ్చు. విన్నదే కదా రోజూ. కానీ నోరు తెరవలేదు. గ్రేసమ్మ కూడా అందుకోలేదు. ఇద్దరం ఆ పంక్తి పట్టేంతసేపు ఊరుకున్నాం. తరువాత నా పంక్తి నేను చెప్పాను. మళ్లీ ఊరుకున్నాం. పెరట్లో సుత్తుల చప్పుడు ఆ ఖాళీల్లోంచి వినబడుతూ ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే అది ఆ ఇంటి పద్ధతి అయిపోయింది. ఏడాది చివరిదాకా మేం ఆ ప్రార్థనను అలాగే, సగం చెప్పి సగం విన్నాం.

ఎండాకాలంలో చివరిసారి ఒప్పజెప్పడానికి మేమిద్దరమే బస్సెక్కాం. కన్నడ పద్యాలు, ఎక్కాలు, ఇంగ్లీషు ముక్కలు అన్నీ అయ్యాక హెడ్ మేడం ప్రార్థన అడిగింది. నా పంక్తి చెప్పి ఆగాను. నేను మరిచిపోయాననుకుని ఆమె తరువాతి పంక్తి అందించబోయింది.

“అది దీనిది కాదమ్మా” అంది గ్రేసమ్మ, తల ఎత్తకుండా.

హెడ్ మేడంకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను మిగతాదంతా మా పద్ధతిలోనే చెప్పాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగుతూ. ముగించాక ఆ గదిలో ఎవరూ బాగుందనలేదు. నన్ను రెండో తరగతికి పంపించారు. బస్సులో గ్రేసమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. అన్ని నెలల్లో ఆమె నిద్రపోవడం నేను చూడడం అదే మొదలు. చింతామణి వచ్చిందని లేపడానికి నాకు మనసొప్పలేదు. కండక్టరే లేపాడు.

ఆ వానాకాలానికే జయరాజు అడిగి మరీ బాగేపల్లికి బదిలీ చేయించుకున్నాడు. సామాను లారీలోకి ఎక్కిస్తుంటే గ్రేసమ్మ నన్ను దగ్గరకు పిలిచింది. “ఇంక నన్ను టీచరని పిలవొద్దు నాగవేణీ. అత్తా అను” అంది. నాకు నోరు తిరగలేదు. అప్పుడే కాదు, తరువాత ఎన్నిసార్లు బాగేపల్లి వెళ్లినా, పెళ్లి పత్రిక ఇవ్వడానికి వెళ్లినప్పుడూ, జయరాజు పోయినప్పుడు వెళ్లినప్పుడూ టీచరే అన్నాను. ఆమె అక్కడ ఇరుగుపొరుగు పిల్లలకు ఇంట్లోనే మొదటి తరగతి చెప్పింది. కూలివాళ్ల పిల్లలు, అంగడివాళ్ల పిల్లలు, ఏ మతం వాళ్లయినా సరే. కంటిచూపు మందగించేదాకా చెప్పింది. వాళ్లందరి చేతా అమ్మా అనే పిలిపించుకుంది. పాఠం మధ్యలో కూడా, రోజుకు ఎన్నిసార్లయినా. వాళ్లలో ఒకడు ప్రకాశ. పెద్దవాడై, బస్టాండు దగ్గర మందులంగడి పెట్టుకుని, చివరి రోజుల్లో ఆమెను తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు.

ఇప్పుడు మా పక్కింట్లో ఒక చిన్న వయసు తల్లి తన కూతురికి ఇంట్లోనే మొదటి తరగతి చెబుతోంది. వాళ్లదీ క్రైస్తవ బడి చదువే. పాఠాలన్నీ బెంగళూరు నుంచి ఒక పెట్టెలో వస్తాయి. రంగురంగుల పటాలు, చెక్క అక్షరాలు, ఏ రోజు ఏం చెప్పాలో అచ్చేసిన కాగితాలు. పాపం ఆ అమ్మాయి ఒక చేత్తో ఆఫీసు పని, ఒక చేత్తో పాఠం. అందుకని ఒప్పజెప్పేటప్పుడు ఫోను పెడుతుంది. ఫోను ఒక పంక్తి చెబుతుంది, పాప జవాబు చెబుతుంది. పాప తడబడితే ఫోను ఆగదు, తన వేగంలో తను పోతుంది. పాప పరిగెత్తి అందుకుంటుంది. ముద్దుగానే చెబుతుంది. చదువుల్లో ఆ పాప రూతుకంటే, నాకంటే ముందుంది, అందులో అనుమానం లేదు. ఆ అమ్మాయి ఎప్పుడూ పాపను కసరగా నేను వినలేదు. మా కాలమే మంచిదని చెప్పడానికి నాకు నోరు రాదు. మా కాలంలో రూతు పోయింది. ఇప్పుడైతే బతికేదేమో. అయినా గోడ అవతల ఆ ఫోను గొంతు వినబడినప్పుడల్లా నేను లేచి కిటికీ మూసేస్తాను.

పోయిన నెల, తెల్లవారుతుండగా ప్రకాశ ఫోను చేశాడు.

“అమ్మ పోయినారు మేడం. మధ్యాహ్నం మట్టి. మీరు రావల్ల. ఇంగొగ మాట. చింతామణిలో పాప గోరీ కాడ గుప్పెడు మన్ను తెప్పించి నా మీద ఎయ్యండి అన్నారు. మొన్న చెప్పినారు. ఆ జాగా ఎవురికీ తెలీదు మేడం. మీకైతే తెలుసుంటాది గదా?”

నాకు తెలియదు. మట్టి ఇచ్చిన రోజు నన్ను గదిలో కూర్చోబెట్టారు. తరువాత నన్ను అక్కడికి ఎవరూ తీసుకెళ్లలేదు. నేనూ అడగలేదు. కానీ రూతును చూసినవాళ్లలో ఇంకా బతికి ఉన్నది నేనొక్కదాన్నే. తెస్తానన్నాను.

కారు మాట్లాడుకుని చింతామణి వెళ్లాను. క్రైస్తవుల సమాధుల తోట అప్పుడు ఊరి బయట ఉండేదట. ఇప్పుడు చుట్టూ ఇళ్లు, మోటారు షెడ్లు. కావలి ముసలాయన గేటు తీశాడు.

“ఎవురి గోరీ అమ్మా?”

“చిన్నబిడ్డది. శానా ఏండ్లయింది.”

“రాయి ఉండాదా?”

“తెలీదప్పా.”

ఆయన నన్ను ఒక మూలకు తీసుకెళ్లాడు. అక్కడ రాళ్లు లేవు, శిలువలు లేవు. ఎండిన గడ్డి, మధ్యలో తంగేడు పొదలు. “చిన్నబిడ్డలవి నిలబడవమ్మా. రెండు వానలకు నేలకు సమమైపోతాయి. ఈ మూలంతా బిడ్డలదే. యాడ పార ఏసినా ఒగ బిడ్డ ఉంటాది” అన్నాడు. దుఃఖంగా అనలేదు. చేను చూపించేవాడు చెప్పినట్టే చెప్పాడు.

చాలాసేపు నిలబడ్డాను. ఏదైనా తెలుస్తుందేమోనని. ఏమీ తెలియలేదు. ఆఖరికి కింద కూర్చుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరుగుకుంటూ, ఒక్కో చోట ఒక్కో చిటికెడు చొప్పున మన్ను తీసుకున్నాను. కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల నల్లగా ఉంది. గుడ్డలో అంతా కలిసి ఒకే రంగైంది. ముసలాయన గేటు దాకా వచ్చి సాగనంపాడు.

చేలూరు మీదుగా బాగేపల్లి చేరేసరికి పెట్టె దించేశారు. గుంట చుట్టూ ఎంతమందో, ముసలివాళ్లైన ఆమె మొదటి తరగతి పిల్లలు, వాళ్ల పిల్లలు. అందరూ అమ్మా అమ్మా అని ఏడుస్తున్నారు. ప్రకాశ జనాన్ని తప్పించుకుని వచ్చి నా చేతిలో మూట చూశాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“దొరికిందా మేడం? పాపదేనా?”

“పాపదే” అన్నాను.

మూట విప్పి, ఉన్నదంతా ఆమె మీద పోశాను.